జనగణనలో లేని సిపాయి జీతాల చిట్టాలో దొరుకుతాడు

"మా ముత్తాత ఫౌజులో పనిచేశాడట" అన్న మాట చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఇళ్లలో అరుదేమీ కాదు. నిజాం కొలువు కోసం జిల్లాల నుంచి నగరం చేరినవాళ్ల వారసులూ, ఉద్యోగాల కోసం కోస్తా నుంచీ సీమ నుంచీ వచ్చి స్థిరపడినవాళ్ల పిల్లలూ ఈ పేటల్లో ఇరుగుపొరుగుగా ఉంటున్నారు. ఒకరింట్లో 'నిజాం ఫౌజు' అని చెప్పుకుంటే పక్కింట్లో 'పటాలం' అంటారు. చాలా ఇళ్లలో ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ మిగల్లేదు. వంశవృక్షం గీద్దామని కూర్చున్న కొత్త తరం మొదట పాత జనాభా లెక్కల వైపు చూస్తుంది. అమెరికాలో 72 ఏళ్లు, ఇంగ్లండులో 100 ఏళ్లు నిండాక జనగణన కాగితాలను పేర్లతో సహా బయటపెడతారు. అమెరికా 1950 నాటివీ, ఇంగ్లండు 1921 నాటివీ 2022లో విడుదల చేశాయి. అక్కడున్న బంధువుల ద్వారా ఆ సంగతి తెలిసి, ఇక్కడా అలాగే దొరుకుతుందని వెతుకుతారు. దొరకదు. దాంతో ఇంట్లో చెప్పుకున్నదంతా కట్టుకథే కాబోలు అనుకుని వదిలేస్తారు. ఆ నిర్ణయం తప్పు. జనాన్ని లెక్కపెట్టేటప్పుడు మన ప్రభుత్వాలకు పేర్లతో పనిలేదు, డబ్బు చెల్లించేటప్పుడు పేరు లేకుండా పని జరగదు. కాబట్టి సిపాయి జాడ కావాలంటే జనగణనను పక్కనపెట్టి అతని జీతం, పింఛను, మరణానంతరం వారసులకు అందిన సొమ్ము ఏ దారిన నడిచాయో ఆ దారి పట్టాలి.

ముందు జనగణన సంగతి. దేశమంతా ఒకేసారి జనాభా లెక్కలు తీయడం 1881లో మొదలైంది. హైదరాబాద్ సంస్థానంలో తొలి లెక్కా అప్పుడే జరిగింది, దాదాపు 98 లక్షల మంది తేలారు. ఒక నిర్ణీత రాత్రి ఎవరు ఎక్కడుంటే అక్కడే లెక్కలోకి తీసుకోవడం ఆనాటి పద్ధతి. 1911లో మార్చి 10, 1921లో మార్చి 18, 1931లో ఫిబ్రవరి 26 అలాంటి రాత్రులు. కంటోన్మెంటులో ఉన్న సిపాయి సొంత ఊరి లెక్కలోకి రాడు, సముద్రం దాటి వెళ్లినవాడు దేశం లెక్కలోకే రాడు. ఊళ్లో ఉన్నవాడి పేరైనా మిగిలిందా అంటే అదీ లేదు. ఇంటింటా రాసుకున్న వివరాలను మనిషికో చీటీ చొప్పున ఎత్తి రాసుకుని, ఆ చీటీలను కులం, మతం, వృత్తి, వయసుల వారీగా వేరుచేసి లెక్కించేవారు. పట్టికలు తయారై సంపుటాలు అచ్చయ్యాక చీటీలను తీసేసేవారు. నేడు గ్రంథాలయాల్లో కనిపించే పాత జనగణన సంపుటాల్లో ఏ జిల్లాలో ఎందరు సైనిక వృత్తిలో ఉన్నారో ఉంటుంది గానీ వాళ్లెవరో ఉండదు. స్వాతంత్ర్యం తర్వాతి లెక్కలకు చట్టమే తలుపు వేసింది. 1948 జనగణన చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం ఆ కాగితాలను ఎవరికీ చూపించరు, సాక్ష్యంగా కోర్టులోనూ చెల్లవు. పేర్లను భద్రంగా దాచిన ఇంగ్లండులో కూడా విదేశాల్లో ఉన్న సైనికుల పూర్తి వివరాలు 1911 లెక్కలతో గానీ నమోదు కాలేదు. సైనికుడు జనగణనకు చిక్కకపోవడం ప్రపంచమంతటా ఉన్నదే. ఎవరి పేరూ లేని పుస్తకంలో మీ ముత్తాత పేరు లేకపోవడం దేనికీ రుజువు కాదు.

జీతం దగ్గరికొస్తే కథ మారుతుంది. దానికి గట్టి సాక్ష్యం మన నగరంలోనే, తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారంలో ఉంది. అక్కడ మొఘల్ కాలపు పత్రాలే లక్షన్నరకు పైగా ఉన్నాయి. ఎక్కువ భాగం ఔరంగజేబు దక్కన్‌లో యుద్ధాలు సాగించిన కాలానివి. వాటిలో 'అర్జ్-ఒ-చెహ్రా' అనే రకం కాగితాలున్నాయి. మన్సబ్‌దారు కింద పనిచేసే సిపాయిని నిలబెట్టి అతని పేరు, తండ్రి పేరు, జాతి, రంగు, నుదురు, కనుబొమలు, ముక్కు తీరు, ముఖం మీది మచ్చలు, గాట్లు రాసుకునేవారు. అతని గుర్రం రంగు, దాని మీద వేసిన ముద్ర కూడా పక్కనే రాసేవారు. ఫొటో లేని రోజుల్లో మాటలతో గీసిన ఫొటో అది. ఇంత శ్రమ సిపాయి మీద అభిమానంతో పడింది కాదు. ఒకరి బదులు ఇంకొకరు వచ్చి జీతం తీసుకుపోకుండా, మంచి గుర్రాన్ని చూపించి లెక్క రాయించుకుని తర్వాత బక్క గుర్రంతో సరిపెట్టకుండా కట్టిన కట్టడి అది. జీతం ముట్టినట్టు రాసుకున్న 'కబ్జ్-ఉల్-వసూల్' రసీదులూ అదే భాండారంలో ఉన్నాయి. మూడు శతాబ్దాల కిందటి ఒక మామూలు సిపాయి కనుబొమలు ఎలా ఉండేవో ఇవాళ తెలుస్తోందంటే ఖజానా జాగ్రత్తే కారణం. మనలో ఎవరి పూర్వికుడో అందులో కచ్చితంగా ఉంటాడని చెప్పడం నా ఉద్దేశం కాదు. రాజ్యం సిపాయిని ఎందుకు, ఎక్కడ రాసిపెడుతుందో ఆ కాగితాలు చూస్తే అర్థమవుతుంది.

ఆంగ్లేయుల సైన్యం వచ్చాక కూడా ఈ సూత్రం మారలేదు. చేరిన రోజున సిపాయి పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చలు, చనిపోతే సొమ్ము ఎవరికి చెందాలన్న వివరాలు రాసుకునేవారు. ఆ కాగితాన్నే 'షీట్ రోల్' అంటారు. ఈనాటి మాజీ సైనికుల కుటుంబాలకు డిశ్చార్జి పుస్తకం, పింఛను ఆర్డరు ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. వాటన్నిటికీ మూలం ఈ షీట్ రోలే. పింఛను రాని సైనికుల పత్రాలను 25 ఏళ్ల తర్వాత తీసేయవచ్చని సైన్యం నిబంధన. అందుకే "మా దగ్గర కాగితాలు లేవు" అన్న జవాబు చాలామందికి వస్తుంది. అక్కడే నిరాశపడి ఆగిపోకూడదు. మిగతావి తీసేసినా 'లాంగ్ రోల్' అనే పెద్ద రిజిస్టరును శాశ్వతంగా ఉంచాలి. సైనికుడి నంబరు, పేరు, చేరిక, విడుదల వంటి క్లుప్త వివరాలు అందులో ఉంటాయి. అర్జీలో "మా ముత్తాత సర్వీసు పత్రాలు ఇప్పించండి" అని మాత్రమే రాస్తే లేవన్న జవాబుతో కథ ముగుస్తుంది. లాంగ్ రోల్ చూసి చెప్పమని విడిగా అడిగితే ఇంకో తలుపు తెరుచుకునే వీలుంది.

ఆ అర్జీ ఏ రికార్డు ఆఫీసుకు పెట్టాలన్నదే అసలు చిక్కు. హైదరాబాద్‌లో ఫౌజు అంటే ఒకటి కాదు. నిజాం సొంత క్రమ సైన్యం ఒకటి. అరబ్బులు, రోహిల్లాలు, సిక్కులు వంటి వారితో కూడిన క్రమేతర దళాలు రెండోది, వాటి వ్యవహారం 'నజ్మె జమీయత్' కింద నడిచేది. బ్రిటిష్ చక్రవర్తి సేవకోసం సంస్థానం ప్రత్యేకంగా నిలిపిన ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు మూడోది. నిజాం ఖర్చుతో ఆంగ్లేయ అధికారుల చేతికింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ నాలుగోది. ఈ కంటింజెంట్ జీతాల బాకీ పేరుకుపోవడం వల్లే 1853లో నిజాం బీరారును ఈస్టిండియా కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. సిపాయిల జీతాల పద్దు ఒక రాజ్యం పటాన్నే మార్చిందంటే దాని లెక్కలు ఎంత జాగ్రత్తగా రాసుకుని ఉంటారో ఊహించవచ్చు. 1903లో కంటింజెంట్ భారత సైన్యంలో కలిసింది. దాని పదాతి దళాల వారసత్వం తర్వాత 19వ హైదరాబాద్ రెజిమెంటుకు వచ్చింది. ఆ రెజిమెంటే 1945లో కుమావూన్ రెజిమెంటుగా పేరు మార్చుకుంది. దాని కేంద్రం ఇవాళ ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్‌లో ఉంది. హైదరాబాద్ పేరున్న పటాలంలో పనిచేసిన తాత జాడ కోసం హిమాలయాల దిగువకు ఉత్తరం రాయాలని ఇంట్లో ఎవరికి తోస్తుంది? ఆశ్విక దళాల్లో ఒకటి 20వ డెక్కన్ హార్స్ అయి, 1916 జులై 14న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధంలో హైవుడ్ దగ్గర గుర్రాల మీద ముందుకు దూకింది. దక్కను పేరున్న ఈ దళాల్లో ఉత్తరాది జాట్లు, అహీర్లు, సిక్కులు, దక్కనీ ముస్లింలు ఎక్కువ. కాబట్టి పేరు చూసి తెలుగువాళ్ల దళమని అనుకోకూడదు. కోస్తా, సీమ కుటుంబాలు మద్రాసు సైన్యం వైపు చూడాలి. పశ్చిమ గోదావరిలోని మాధవరానికి 'మిలటరీ మాధవరం' అన్న పేరు నిలిచిపోయేంతగా అక్కడి ఇళ్లు సైన్యానికి బిడ్డల్ని ఇచ్చాయి. మద్రాసు ప్రెసిడెన్సీ సైనిక శాఖ కాగితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పురాలేఖాగారంలో ఉన్నాయి.

ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్ల సంగతి విడిగా చెప్పాలి. జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లతో కలిసి వాళ్లు మొదటి ప్రపంచ యుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా రంగాల్లో పనిచేశారు. 1918 సెప్టెంబర్ 23న హైఫా పట్టణాన్ని గెలిచిన దాడి జోధ్‌పూర్, మైసూర్ దళాలది. హైదరాబాద్ లాన్సర్లకు ఆ సమయంలో యుద్ధ ఖైదీలను కాపలాతో తరలించే పని అప్పగించారు. ఢిల్లీలో 1922లో నిలిపిన తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాల్లో ఒకటి మాత్రం హైదరాబాద్ లాన్సరుదే. తాత హైఫా దాడిలో పాల్గొన్నాడని ఇంట్లో చెప్పుకుంటే దాన్ని సరిచూసుకోవాలి. ఖైదీల కాపలా తక్కువ పని కాదు, కాకపోతే అది వేరే పని. నిజాన్ని నిజంగా చెప్పుకోవడమే తాతకు గౌరవం.

యుద్ధంలో చనిపోయినవారి విషయంలో వెతుకులాట కొంత సులువు, కొంత బాధాకరం. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలను ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. తండ్రి పేరు, ఊరు రాసినచోట్ల గుర్తుపట్టడం తేలిక. కోహిమాలో దహన సంస్కారం పొందిన హిందూ, సిక్కు సైనికుల స్మారకం మీద 917 పేర్లున్నాయి. ఇరాక్‌లోని బస్రా స్మారకం దగ్గర ఆంగ్లేయులకూ భారతీయ అధికారులకూ పేర్లు చెక్కి, మామూలు భారతీయ సిపాయిలను మాత్రం పటాలం పేరు కింద ఇంతమంది అన్న అంకెతో సరిపెట్టారు. ఆ కమిషనే 2021లో వెలువరించిన నివేదికలో ఈ అన్యాయాన్ని ఒప్పుకుంది. ప్రధానంగా భారత, ఆఫ్రికా, ఈజిప్టు దేశాలకు చెందిన 45 వేల నుంచి 54 వేల మందిని సమానంగా స్మరించలేదనీ, కనీసం 1 లక్ష 16 వేల మందిని, బహుశా మూడున్నర లక్షల మంది దాకా పేరుతో స్మరించనే లేదనీ అంచనా వేసి క్షమాపణ చెప్పింది. జనగణన మనిషిని అంకెగా మార్చడం దాని పని. స్మారకం కూడా అదే పని చేయడం క్షమించరానిది. రాతి మీద లేని పేరు చాలాసార్లు కాగితం మీద ఉంటుంది. అందుకే రాయి చూసి వెనుదిరగకుండా రిజిస్టరు అడగాలి.

ఈ వాదనకు ఎదురయ్యే అభ్యంతరాలు తేలికైనవి కావు. మొదటిది, చిట్టాలో పేరున్నంత మాత్రాన మనిషి ఉన్నట్టా? తలకింత చొప్పున సర్కారు సొమ్ము తీసుకునే జమేదార్లు లేని సిపాయిలను రాసి చూపించడం పాత సైన్యాలన్నిటిలో ఉన్న రోగమే. చెహ్రా రాసే పద్ధతి పుట్టిందే ఆ రోగానికి మందుగా. కనుక పేరు ఒక్కటే ఉన్న జాబితా కంటే ఒంటి గుర్తులు, తండ్రి పేరు, ఊరు ఉన్న జాబితాను ఎక్కువ నమ్మాలి. ఒకే మనిషి రెండు వేర్వేరు ఖాతాల్లో, అంటే జీతంలోనూ పింఛనులోనూ కనిపిస్తే ఇంకా గట్టి రుజువు. రెండోది, ఒకే పేరుతో ఎందరో రామస్వాములు, ఎందరో మహబూబ్‌లు ఉంటే మనవాడెవరు? ఇంటిపేరు రాయడం ఆంగ్లేయ గుమాస్తాలకు అలవాటు లేదు, రాసినా అది వేరే పేరులా మారిపోయేది. అందుకే పేరు కంటే నంబరు, పటాలం, ఊరు ముఖ్యం. ఇంట్లో పతకం మిగిలి ఉంటే దాని బొమ్మను చూసి మురిసిపోయి పక్కనపెట్టేస్తాం. భూతద్దం తీసుకుని దాని అంచు చుట్టూ చూడాలి. మొదటి ప్రపంచ యుద్ధపు పతకాల అంచు మీద సైనికుడి నంబరు, హోదా, పేరు, పటాలం సన్నని అక్షరాల్లో ముద్రించి ఉంటాయి. వేలెడంత పొడవు లేని ఆ వరుస చాలాసార్లు మొత్తం వెతుకులాటకు తాళంచెవి.

మూడో అభ్యంతరం భాషది. నిజాం దఫ్తర్ల కాగితాలు 1880ల దాకా పర్షియన్‌లో, తర్వాత ఉర్దూలో నడిచాయి. మొఘల్ కాలపు చేతిరాత మరీ గొలుసుకట్టు. తెలుగు చదువరికి అది అడవే. కానీ ఉర్దూ చదివే పెద్దలు, పర్షియన్ నేర్చిన పరిశోధకులు ఉన్న నగరం ఇది. వాళ్ల సాయం అడగడానికి మొహమాటం అక్కర్లేదు. తేదీల విషయంలో ఒక్క చిట్కా తెలిస్తే సగం అయోమయం పోతుంది. ఆ కాగితాల్లో వాడిన హైదరాబాద్ ఫస్లీ సంవత్సరం అక్టోబర్ మొదటి వారంలో అజూర్ నెలతో మొదలయ్యేది. ఆ అంకెకు 590 కలిపితే అది మొదలైన క్రీస్తు శకం వస్తుంది. 1358 ఫస్లీ అంటే 1948 అక్టోబర్ నుంచి 1949 అక్టోబర్ దాకా. జిల్లాల పేర్లూ మారాయి. ఇందూరు నిజామాబాద్ అయింది, ఎలగందల స్థానంలో కరీంనగర్ వచ్చింది. పాత పేరు తెలియకపోతే సొంత జిల్లా కళ్లముందే ఉన్నా కనబడదు.

నాలుగోది కాస్త సున్నితమైనది. చిట్టాలో దొరికే మనిషి సిపాయి కాకపోవచ్చు. గుర్రాల సాహిణులు, వంటవాళ్లు, నీళ్లు మోసినవాళ్లు, స్ట్రెచర్లు ఎత్తినవాళ్లు, రోడ్లు వేసిన కూలీ దళాలవాళ్లు కూడా యుద్ధానికి వెళ్లారు. వాళ్లను 'ఫాలోయర్ల'ని విడిగా రాశారు. ఇంటి కథలో తుపాకీ పట్టిన తాత కాగితం మీద స్ట్రెచరు మోసినవాడిగా తేలితే కొందరు చిన్నబోతారు. చిన్నబోవాల్సిన పనిలేదు. అదే గుండ్ల కింద, అదే ఎడారిలో, తక్కువ జీతానికి, చేతిలో ఆయుధం లేకుండా నిలబడ్డవాడు అతను. సిపాయిల జాబితా ఒక్కటే చూసి లేడని తేల్చేసేవాళ్లు రెండో జాబితా తెరవాలన్నదే నా మాట.

ఇక చివరి అభ్యంతరం, ఇంత వెతికి లాభమేమిటి? ఇంట్లో చెప్పుకున్న కథ చాలదా? కథ చాలేదే అయితే చరిత్రలో మామూలు మనిషికి చోటుండేది. ఆ చోటు లేదనే వెతకాలి. హైదరాబాద్ సైనిక చరిత్ర అనగానే కమాండర్ల పేర్లు, బిరుదులు గుర్తొస్తాయి. 1941 డిసెంబర్ 8న మలయాలోని కోటా భారు తీరాన జపాన్ సేనలు దిగినప్పుడు అక్కడి విమానాశ్రయానికి కాపలాగా ఉన్న దళాల్లో హైదరాబాద్ సంస్థానపు పదాతి సైనికులూ ఉన్నారు. ఆ సంగతి నగరంలో ఎందరికి తెలుసు? 1948 సెప్టెంబర్‌లో సంస్థానం భారత యూనియన్‌లో కలిశాక నిజాం సైన్యం రద్దయింది. దాన్ని తనదని చెప్పుకునే పటాలం లేకపోవడంతో అందులోని మామూలు సిపాయి కథ దిక్కులేనిదైంది. ఆ సైన్యం చివరి రోజుల రాజకీయాలపై ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. జీతానికి పనిచేసిన జవాను పేరు చెరిగిపోవడానికి మాత్రం అది కారణం కాకూడదు.

ఈ పేటల వాళ్లకు వెతుకులాట దూరం కాదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివే వందలమంది యువతీయువకులు జనాభా లెక్కల అంకెలను కంఠతా పడుతుంటారు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో తెలంగాణ చరిత్ర పాఠం రోజూ నడుస్తుంటుంది. ఆ అంకెల వెనకున్న మనిషిని పట్టుకునే విద్య కూడా వాళ్లకు అందుబాటులోనే ఉంది. చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్స్ దగ్గర రైలు మారితే తార్నాక. జాతీయ పురాలేఖాగారం వారి 'అభిలేఖ్ పటల్'లో ఢిల్లీ కాగితాల సూచిక ఇంట్లో కూర్చునే చూడొచ్చు. బయల్దేరే ముందు ఇంట్లోని ట్రంకుపెట్టె తీసి పతకం, డిశ్చార్జి కాగితం, మనియార్డరు రసీదు, పటాలం పేరున్న పాత ఉత్తరం ఏవున్నా బయటపెట్టాలి. తాత పేరు, ఆయన తండ్రి పేరు, పాత తాలూకాతో సహా ఊరు ఒక కాగితం మీద రాసుకోవాలి. ఇవి లేకుండా ఏ ఆఫీసుకు వెళ్లినా ఖాళీ చేతులతోనే రావాల్సి ఉంటుంది.

వ్యక్తులు చేయగలిగింది ఇంతవరకే. ఆపైన ప్రభుత్వం పూనుకోవాలి. పంజాబు ఉదాహరణ మన ముందుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన దాదాపు 3 లక్షల 20 వేల మంది పంజాబీల వివరాలను ఊరూరా రాసిన రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో దశాబ్దాల పాటు ఎవరికీ పట్టకుండా ఉండిపోయాయి. ఇంగ్లండులోని ఒక పంజాబీ వారసత్వ సంఘం, గ్రీనిచ్ విశ్వవిద్యాలయం కలిసి వాటిని కంప్యూటర్‌కెక్కించి 2021 నుంచి ప్రజల ముందుకు తెచ్చాయి. ఊరి పేరు కొడితే ఆ ఊరినుంచి వెళ్లినవాళ్లు కనిపిస్తున్నారు. నిజాం సైనిక శాఖ కాగితాల్లో మిగిలిన జీతం, పింఛను జాబితాలకు కనీసం పేర్ల సూచికనైనా తెలుగులో, ఉర్దూలో తయారుచేసి అందరికీ తెరిచిపెట్టడం తెలంగాణ ప్రభుత్వానికి అసాధ్యమైన పనేం కాదు. ఉర్దూ, పర్షియన్ చదివినవాళ్లకు అది ఉపాధి కూడా. ఆ చేతిరాత చదవగలిగినవాళ్ల సంఖ్య ఏటేటా తగ్గుతోంది, అందుకే ఇది వాయిదా వేయదగిన పని కాదు. 2027లో మళ్లీ జనగణన జరగబోతోంది. అందులో మన పేర్లు రాసుకున్నా చట్టం ప్రకారం మన మనవలు వాటిని చూడలేరు. దేశం ఎంతమందో చెప్పడమే జనగణన బాధ్యత, అది సరైనదే. మనవాళ్లెవరో చెప్పే బాధ్యత జీతాల చిట్టాను కాపాడే పురాలేఖాగారానిదీ, ట్రంకుపెట్టెను కాపాడే కుటుంబానిదీ. ఈ రెండూ చేయి కలిపితే పేరు తెలియని సిపాయిల్లో చాలామందికి పేరు తిరిగి ఇవ్వగలం.